పళ్ళ డాక్టరుగారి గొయ్యి

మా పక్కిల్లు పళ్ళ డాక్టరు కొన్నాడని తెలిసినప్పుడు మా ఆయన సంతోషించారు. నేను సంతోషించలేదు. పక్కన ఎవరు చేరినా నేను సంతోషించను. ఆస్పత్రి లాబ్‌లో రోజంతా జనాన్ని సూదితో గుచ్చి, వాళ్ళ రక్తంలో ఏముందో చూసి కాగితం మీద రాసిచ్చే మనిషిని. చూడగా చూడగా మంచి వార్తల మీద నాకు నమ్మకం పోయింది. లాబ్‌లో సూదితో, ఇంట్లో మాటతో గుచ్చుతానని మా ఆయన ఫిర్యాదు.

ఆయన బళ్ళో డ్రాయింగు మాస్టారు. పిల్లలకి కుండ, కుర్చీ, రెండు కొండల మధ్య సూర్యుడు నేర్పుతారు. ఇంటికొచ్చి తనకోసం వేసుకునే బొమ్మలు వేరే ఉన్నాయి. వాటిని ఎవరూ ఆగి చూసిన పాపాన పోలేదు. నేను కూడా దుమ్ము దులిపేటప్పుడు చూడటమే.

పళ్ళ డాక్టరు ఆ పక్క పాత ఇంటిని పన్ను పీకినంత సులువుగా పీకించేశాడు. పీకి ఊరుకున్నాడా అంటే లేదు. కింద కార్లకి సెల్లారు, మధ్యలో క్లినిక్కు, పైన కాపురం అని ప్లాను గీయించి గొయ్యి తవ్వడం మొదలుపెట్టాడు. ఆ గొయ్యి మెల్లమెల్లగా జరుగుతూ మా ప్రహరీ దగ్గరికి వచ్చేసింది.

ప్రహరీ అంటే ఒట్టి ప్రహరీ కాదు. మామగారు రిటైరై మా దగ్గరికి వచ్చినప్పుడు మా ఆయన వెనకవైపు ఒక గది కట్టించారు. మూడు గోడలు కట్టించి, నాలుగో గోడకి ప్రహరీనే వాడుకున్నారు. ఇటుకలు కలిసొచ్చాయని అప్పట్లో మురిసిపోయారు కూడా. పర్మిషన్ ఉందా అని అడిగితే, "అన్నీ చూసుకున్నాను, నువ్వు కంగారుపడకు" అన్నారు. నేను కంగారుపడకుండా ఉన్నది జీవితంలో ఆ ఒక్కసారే.

మామగారు స్టేషన్ మాస్టరుగా చేసిన మనిషి. చెవులు దాదాపు వినపడవు. కానీ నేల అదిరితే ఒంటికి తెలుస్తుంది. పక్కన రాయి కొట్టే యంత్రం మొదలైన రోజు మంచం మీద లేచి కూర్చున్నారు.

"అమ్మాయ్, గూడ్సు వెళ్తోంది," అన్నారు.

ఆయన ముఖం నిండా తృప్తి. రిటైరైన దగ్గర్నుంచీ ఆయనకి సరిగ్గా నిద్ర లేదు. యంత్రం వచ్చాక పగలంతా ఒళ్ళు తెలియకుండా నిద్రపోవడం మొదలుపెట్టారు. ఇల్లు ఊగిపోతోందని నేను గుండెలు చేత్తో పట్టుకుని తిరుగుతుంటే, ఆ ఊపులో సుఖపడ్డ మనిషి ఆయనొక్కరే.

మొదటి పగులు ఆయన గదిలోనే వచ్చింది. కిటికీ మూల నుంచి కిందికి, వెంట్రుకంత. మా ఆయన్ని పిలిచి చూపించాను. ఆయన వంగి చూశారు, ముఖం ఒక్క క్షణం పాలిపోయింది. ఆ వెంటనే సర్దుకున్నారు.

"మంచిదే అయింది," అన్నారు.

"గోడ పగిలితే మంచిదేమిటండీ?"

"పక్కవాడు కట్టుకునేటప్పుడు మన గోడ పగిలితే బాగుచేసి ఇవ్వాల్సింది వాడే. రూలు అది. బాగుచేశాక రంగు వేయాలి. ఒక్క గోడకి కొత్త రంగేస్తే మిగతావి వెలవెలబోతాయి. కాబట్టి ఇల్లంతా వేయాలి."

"పగిలింది జానెడు."

"ఇవాళ జానెడు."

"ముందు ఆ గోతికి దన్ను పెట్టించండి. ఊతకర్ర లేదు, రేకు లేదు. మట్టి జారిపోతోంది. ఇవతల మామయ్యగారు పడుకుంటున్నారు."

"నీకు హాల్లో ఏ రంగు కావాలో చెప్పు."

"నాకు గోడ కావాలి. ఉంటే దానికి రంగు సంగతి చూద్దాం."

దన్ను సంగతి ఈయన కదిలించరని అర్థమై నేనే కాంట్రాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయనకి మా వీధిలో పేరు చూద్దాంలెండి. అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది, ఎవరికీ దానితో పనిపడలేదు.

"ఏమండీ, గోతి గోడకి దన్ను పెట్టకుండా ఇంత లోతు తవ్వచ్చా?"

"చూద్దాంలెండి."

"తవ్వే ముందు పక్కింటివాళ్ళకి నోటీసు ఇవ్వాలట, గోడలు ఫొటోలు తీసుకోవాలట. మాకేదీ ఇవ్వలేదు, ఏదీ తీయలేదు."

"చూద్దాంలెండి."

"గోడ కూలితే?"

ఆయన కాసేపు ఆలోచించారు. "అప్పుడు చూద్దాంలెండి," అన్నారు.

ఇలా లాభం లేదని పళ్ళ డాక్టరు దగ్గరికే వెళ్ళాను. పాపం, మంచివాడే. కూర్చోమన్నాడు. కూర్చున్నాక తెలిసింది, అది రోగుల కుర్చీ. నేను నోరు తెరిచి గోతి గురించి మొదలుపెట్టగానే లైటు నా వైపు తిప్పాడు. చెప్పిందంతా తల ఊపుతూ విన్నాడు. చివర్లో, వెనక పన్ను ఒకటి పుచ్చిందనీ తీసేస్తే మంచిదనీ చెప్పాడు. గోడ సంగతేమిటంటే, "కొంచెం ఇబ్బందిగా ఉంటుందండీ, అంతే" అన్నాడు. ఆయన అందరితో అనే మాటే అది.

ఆ వారంలోనే మా ఇంటికి పగుళ్ళ జబ్బు పట్టుకుంది. ముందు హాల్లో గడియారం కింద ఒకటి. తర్వాత పడకగదిలో ఒకటి. ఆ తర్వాత మా ఆయన బొమ్మలు వేసుకునే ముందుగదిలో ఒకటి. ముందుగదిలోది అన్నిటికంటే పెద్దది. పైకప్పు దగ్గర సన్నగా మొదలై, దిగుతూ దిగుతూ లావై, మధ్యలో రెండు పాయలుగా చీలి, మళ్ళీ కలిసి, నేల దాకా వచ్చింది. అంచుల్లో సున్నం పెచ్చులు లేచినట్టు కూడా ఉంది.

"ఇల్లు రెండుగా చీలుతోందండీ," అన్నాను.

మా ఆయన నాలుగడుగులు వెనక్కి వేసి, ఒక కన్ను మూసుకుని దాన్ని చూశారు.

"కింది భాగం ఇంకొంచెం సన్నగా ఉంటే బావుండేది," అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. ఇల్లు కూలిపోతున్నా ఈ మనిషి అందచందాలు చూస్తున్నాడని తిట్టిపోశాను. ఆయన ఎదురుచెప్పలేదు. అప్పుడే అనుమానం రావాల్సింది. నాకు రక్తం చూస్తే జబ్బు తెలుస్తుంది గానీ, మొగుణ్ణి చూస్తే ఏదీ తెలియదు.

నేను ఊరుకోకుండా మున్సిపాలిటీ భవనాల ఆఫీసులో ఫిర్యాదు రాసిచ్చాను. అక్కణ్ణుంచి ఒక ఇంజనీరమ్మ వస్తానని కబురుచేసింది. ఎప్పుడు రావాలో మా ఆయనే ఫోన్లో మాట్లాడి ఖాయం చేశారు. నేను లాబ్‌లో ఉండే వేళకి ఖాయం చేశారని తర్వాత తెలిసింది. ఆయన మటుకు బడికి సెలవు పెట్టారు.

సాయంత్రం నేను వచ్చేసరికి గోడల నిండా గాజు ముక్కలు. వేలెడు వెడల్పు, జానెడు పొడవు. ఒక్కో పగులుకి అడ్డంగా ఒక్కోటి, రెండు కొసలా తెల్లటి పిండితో అతికించి ఉన్నాయి.

"ఏమిటివి?"

"సాక్షులు," అన్నారు మా ఆయన. "పగులు పెరిగితే గాజు పుటుక్కుమంటుంది. పెరగకపోతే అలాగే ఉంటుంది. ఇంజనీరమ్మ చాలా తెలివైంది. ముందుగదిలో పగులు చూసి ఎంతసేపు నిలబడిపోయిందనుకున్నావు."

"గొయ్యి చూసిందా?"

"ఇన్ని గదులు చూసేసరికి పొద్దుపోయింది. ఇంకో చోటికి వెళ్ళాలంది."

"వెనకగది చూపించారా?"

"చూపించాను. అక్కడ గాజు అక్కర్లేదంది."

వారం గడిచింది. ఒక్క గాజూ పగల్లేదు. ఇంజనీరమ్మ మళ్ళీ నేను లేనప్పుడే వచ్చి చూసి వెళ్ళింది. ఆఫీసు నుంచి కబురొచ్చింది. మా ఇంటి పగుళ్ళన్నీ పాతవనీ, ఏదీ కదలడం లేదనీ, పక్కింటి తవ్వకం వల్ల మాకు ప్రమాదం లేదనీ. ఆ కబురు మాకంటే ముందు చూద్దాంలెండికి చేరింది. మర్నాడు యంత్రాలు రెండయ్యాయి.

మామగారు మాత్రం ఉత్సాహంగా ఉన్నారు. "డబుల్ లైను వేశారా?" అని అడిగారు.

ఆయన వెనక, కిటికీ మూల పగులులో నా చిటికెన వేలు దూరింది. కిటికీ రెక్క మూసుకోవడం మానేసింది. ఎంత నొక్కినా చట్రానికి ఆనడం లేదు. ఆ రోజు మామగారు కూడా పగులు వంక చూసి కొడుకుని అడిగారు.

"ఒరేయ్, ఈ గోడ బాగానే ఉందంటావా?"

"గట్టిదే నాన్నా," అని మా ఆయన చెవి దగ్గర అరిచారు. "ఇంజనీరే చెప్పింది."

మామగారు తల ఊపి గోడవైపు తిరిగి పడుకున్నారు. కొడుకు చెప్పాడు కదా.

నాకు మాత్రం నిలకడ పోయింది. హాల్లో గాజు పగల్లేదు, పడకగదిలో పగల్లేదు, గాజు లేని గదిలో మాత్రం గోడ తెరుచుకుంటోంది. అక్కడ కూడా ఒక గాజు పెట్టి చూడాలనుకున్నాను. హాల్లో గడియారం కిందున్న దాన్ని తీసి అక్కడ అతికించుకుంటే సరిపోతుంది. కత్తి తెచ్చి పిండి కింద పెట్టి మెల్లగా ఎత్తాను.

గాజు ఊడి వచ్చింది. దానితో పాటు రంగు పొర వచ్చింది. ఆ పొరతో పాటు పగులు కూడా ఊడి నా చేతిలోకి వచ్చింది.

గోడ కేసి చూశాను. పొర లేచినచోట కింద గోడ శుభ్రంగా, నున్నగా, చెక్కుచెదరకుండా ఉంది. పైనా కిందా మిగిలిన పగులు నాకేసి చూస్తోంది. వేలితో రుద్దాను. రంగు. నల్లరంగు, దాని పక్కన బూడిదరంగు, అంచున తెల్లటి సన్నగీత.

నేను అక్కడే నేలమీద కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. మా ఆయన బడి నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూ నన్ను చూసి, నా చేతిలో పగులు చూసి, మళ్ళీ చెప్పులు వేసుకోబోయారు.

"రండి," అన్నాను. "కూర్చోండి. ఇది మీరు ఎన్నింటికి గీశారో, మీ పడకగది పగులు ఎప్పుడు గీశారో, నేను రాత్రుళ్ళు నిద్రలేకుండా ఏ బొమ్మలకి భయపడి చచ్చానో చెప్పండి."

"రంగుల కోసమే," అన్నారు. "ఒక్క జానెడు పగులు చూపిస్తే ఇల్లంతా రంగు వేయరు కదా."

"మీ ముఖం చూస్తే అది సగమే అనిపిస్తోంది."

"మిగతా సగం ఎందుకులే."

"ఎందుకో నేను చెప్పనా? వెనకగది ఆవిడకి చూపించానన్నదీ అబద్ధమే. ఆవిడ గొయ్యి దగ్గరికి వెళ్ళకుండా బొమ్మల ప్రదర్శన పెట్టారు. ఎందుకు?"

మనిషి ఒక్కసారిగా చిన్నవాడైపోయినట్టు కనిపించారు.

"ఆ గదికి పర్మిషన్ లేదు," అన్నారు. "అడగనే లేదు. ఇంటికీ ప్రహరీకీ మధ్య ఖాళీ వదలాలి. నేను ప్రహరీనే గోడ చేశాను. గోతిలోంచి చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. గది పీకెయ్యమంటారు. నాన్న ఎక్కడుంటారు?"

"ఆ గది మీద పడితే నాన్న ఎక్కడుంటారు?"

నాకు కోపంతో పాటు జాలి కూడా వచ్చింది. జాలి వచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది. తండ్రికి ఒక గది ఉండాలని కట్టాడు. ఆ గది నిలబడాలని అబద్ధం గీశాడు. ఆ అబద్ధం చూసే ఆఫీసువాళ్ళు గొయ్యి లోతుచేసుకోమన్నారు. ఇంత పనికొచ్చే బొమ్మ ఆయన ఎప్పుడూ వేయలేదు.

మీరు నవ్వండి. పక్కింటి కథైతే నేనూ నవ్వేదాన్ని.

మర్నాడు ఆస్పత్రిలో, కాళ్ళు విరిగినవాళ్ళకి పిండికట్టు వేసే గదికి వెళ్ళి కాస్త పిండి అడిగాను. ఎవరికి విరిగిందన్నారు. గోడకి అన్నాను. ఆ మనిషి నా ముఖం చూసి మారు మాట్లాడకుండా పొట్లం కట్టిచ్చాడు. సగం పూట సెలవు పెట్టి ఇంటికొచ్చాను. మామగారి గదిలో కిటికీ మూల పగులుకి అడ్డంగా ఆ గాజుని నా చేత్తో నేనే అతికించాను. మా ఆయన గుమ్మంలో నిలబడి పిండి కలిపి ఇచ్చారు. ఆ రోజు ఆదివారమేం కాదు, ఆయనా సెలవే పెట్టారు.

పిండి గట్టిపడింది. పక్కన పనివాళ్ళ భోజనాలయ్యాయి. యంత్రం మళ్ళీ మొదలైంది. మామగారు కళ్ళు మూసుకున్నారు.

గాజు పుటుక్కుమంది. చిన్న చప్పుడే. గిన్నెలో చెంచా పడ్డంత. కానీ మా ఇద్దరికీ వినపడింది.

మా ఆయన నన్ను తోసుకుని లోపలికి వెళ్ళారు. దుప్పటితో సహా తండ్రిని రెండు చేతులా ఎత్తుకున్నారు. కుండ బొమ్మలు తప్ప బరువులు ఎత్తని మనిషి, ఆయన్ని హాల్లోకి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, అక్కడే కింద చతికిలబడి రొప్పుతూ ఉండిపోయారు.

"బండి వెళ్ళనివ్వవురా," అని మామగారు విసుక్కున్నారు.

నేను అప్పటికే ఫోను తీశాను.

ఇంజనీరమ్మ గంటలోపే వచ్చింది. సన్నగా, నిదానంగా ఉండే మనిషి. ఇంట్లోకి అడుగుపెడుతుండగా మా ఆయన అలవాటుకొద్దీ ముందుగది వైపు చెయ్యి చూపించారు. నేను వెనకగది వైపు చూపించాను. ఆవిడ నా చెయ్యి చూసింది.

పగిలిన గాజు చూసింది. పగులులో వేలు పెట్టి చూసింది. మూసుకోని కిటికీ రెక్క ఆడించి చూసింది. తర్వాత ఆ కిటికీలోంచి తల బయటికి పెట్టి కిందికి చూసింది. చాలాసేపు తల లోపలికి తీయలేదు.

తీశాక అడిగింది, "ఇది మొన్న నాకు ఎందుకు చూపించలేదు?"

"ఈ గది ప్రహరీ మీదికి కట్టాం మేడమ్," అన్నాను. "పర్మిషన్ లేదు. అందుకని."

"ముందుగదుల్లో పగుళ్ళు?"

"అవి మా ఆయన రచనలు."

ఆవిడ హాల్లోకి వెళ్ళి ఊడిన పొర చూసింది. ముందుగదిలోకి వెళ్ళి ఆ రెండు పాయల పగులు ముందు నిలబడింది. ఈసారి గోరుతో గీకింది.

"తడి తగిలినా చెదరని రంగు," అన్నారు మా ఆయన నేల చూపులు చూస్తూ.

"నేను నమ్మాను," అంది ఆవిడ. "ప్రమాదం లేదని నా సంతకంతోనే వెళ్ళింది. ఆ గోడ పడి లోపల ఎవరైనా ఉండుంటే నేను ఏమని చెప్పుకోను మాస్టారూ?"

గట్టిగా అనలేదు. అరిచి ఉంటే మా ఆయనకి తేలికయ్యేది.

అక్కణ్ణుంచి ఆవిడ తిన్నగా గొయ్యి దగ్గరికి వెళ్ళింది. ప్రహరీ పునాది రాళ్ళు కింద గాల్లో వేలాడుతున్నాయి. వాటి కింద మట్టి జారిపోయి ఉంది. ఒక్క ఊతకర్ర లేదు. మొదటి రోజు నాలుగడుగులు వేసి ఉంటే కనపడేదే. పని ఆపించింది. ముందు మట్టి తిరిగి నింపి, రేకులు దింపి దన్ను పెట్టాలనీ, అప్పటిదాకా పార ఎత్తడానికి వీల్లేదనీ చెప్పింది. హద్దు దాకా తవ్వినందుకు, నోటీసు ఇవ్వనందుకు పళ్ళ డాక్టరు మీద వేరే కేసు.

"ఏమంటారు?" అని కాంట్రాక్టరుని అడిగింది.

"చూశాంలెండి," అన్నాడు ఆయన, మొదటిసారి గోతిలోకి నిజంగా చూస్తూ.

ఇక మా గది. కింద పునాది పోయింది. పైన పర్మిషన్ లేదు. తీసేయాల్సిందే. న్యాయంగా కట్టిన గదైతే పళ్ళ డాక్టరే తిరిగి కట్టించి ఇవ్వాల్సి వచ్చేదట. పర్మిషన్ లేని గదికి ఎవరి పూచీ లేదు.

యంత్రం ఎలాగూ పక్కనే ఉంది కదా అని ఆ పనీ చూద్దాంలెండే చేశాడు. మామగారు పెరట్లో కుర్చీలో కూర్చుని తన గది కూలడం చూశారు. ఆయన గడియారం తగిలించుకునే మేకు ఉన్న గోడ చివర పడింది. నాకు ఏడుపొచ్చింది. పళ్ళ డాక్టరు ప్రహరీ అవతల నుంచి నన్ను చూసి, కొంచెం ఇబ్బందిగా ఉంటుందండీ, అంతే అన్నాడు. చెప్పు తీద్దామనుకున్నాను గానీ, ఆయన కళ్ళల్లోనూ నీళ్ళున్నాయి. దుమ్ముకో, దిగులుకో నాకు తెలియదు.

మామగారి మంచం ముందుగదిలోకి వచ్చింది. మా ఆయన బల్లలూ కుంచెలూ చట్రాలూ మంచం కిందికి వెళ్ళాయి. ఆ గదిలో మంచం పట్టేది ఒక్క చోటే, రెండు పాయల పగులు కింద.

మొదటి రోజు పొద్దున్నే మామగారు పిలిచారు.

"ఒరేయ్, ఇక్కడ కూడా పగిలిందిరా."

"అది నేను గీసింది నాన్నా."

"ఆఁ?"

"నేనే గీశాను," అని మా ఆయన అరిచారు. వినపడలేదు. ఇంకా గట్టిగా అరిచారు. "పగులు నేనే గీశాను నాన్నా. ఆఫీసువాళ్ళని మోసం చేద్దామని గీశాను." చెవుడున్న మనిషి దగ్గర తప్పు ఒప్పుకోవాలంటే వీధికంతా ఒప్పుకున్నట్టే. అవతల మట్టి నింపుతున్న పనివాళ్ళు పారలు ఆపి విన్నారు.

మామగారు పగులు కేసి చూశారు, కొడుకు కేసి చూశారు.

"నన్ను భయపెట్టడం ఇష్టంలేక చెప్తున్నావు."

"కాదు నాన్నా."

"ఆ గది గోడ కూడా గట్టిదే అన్నావురా."

మా ఆయన దగ్గర ఉన్నదల్లా కుంచె. మంచం కిందికి దూరి రంగులు తీసి, తండ్రి చూస్తుండగా ఆ పగులు పక్కనే ఇంకో పగులు గీయడం మొదలుపెట్టారు. నల్లరంగు, బూడిదరంగు, అంచున తెల్లగీత. అచ్చంగా అలాగే దిగింది. నేను గుమ్మంలోంచి చూస్తూ ఉండిపోయాను. అంత దగ్గరగా నిలబడి ఆయన బొమ్మ వేయడం నేను ఎప్పుడూ చూడలేదు.

"చూశావా నాన్నా?"

మామగారు రెండింటినీ మార్చి మార్చి చూశారు.

"ఇది గీసింది," అన్నారు కొత్తదాన్ని చూపించి. "అది కాదు."

సున్నం కొట్టి కప్పేస్తానన్నారు మా ఆయన. డబ్బా కూడా తెచ్చారు, సొంత ఖర్చుతోనే. మామగారు ఒప్పుకోలేదు. కప్పేస్తే పెరుగుతోందో లేదో ఎలా తెలుస్తుందన్నారు. గాజు సాక్షి అంతకుముందే ఉన్నా, అది ఎవరో పెట్టింది కాబట్టి చాలదని, కొడుకు చేతే ఇంకోటి పెట్టించుకున్నారు. మా ఆయన తాను గీసిన పగులుకి తానే పిండి కలిపి, తానే గాజు అతికించారు.

ఇప్పుడు మా ఇంట్లో పొద్దు ఇలా మొదలవుతుంది. మామగారు లేచి కూర్చుంటారు. మా ఆయన బడికి తయారై వచ్చి గోడ దగ్గర నిలబడతారు.

"గాజు ఎలా ఉందిరా?"

"బాగానే ఉంది నాన్నా."

"మళ్ళీ చూడు."

ఆయన మళ్ళీ చూస్తారు. ముక్కు గోడకి ఆనేలా వంగి, పైనుంచి కిందిదాకా చూస్తారు. పగల్లేదంటారు. మామగారు సరే అంటారు గానీ, ఆ సరేలో నమ్మకం ఉండదు. మా ఆయన తల వంచుకుని బడికి వెళ్ళిపోతారు.

ఆయన వెళ్ళాక నేను చేతులు తుడుచుకుని ముందుగదిలోకి వస్తాను. ఆ పగులు గీసింది ఎవరో, ఏ రంగుతో గీశారో నాకు బాగా తెలుసు. అయినా లాబ్‌కి బయల్దేరే ముందు నేనూ ఒకసారి గాజు కేసి చూసే వెళ్తాను.